ఇంటర్ ఫస్టియర్ త్రికోణమితి: మావాడి ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరైనా ఉందా?

#1 బైపీసీ_అమ్మ
టెన్త్ దాకా మావాడికి లెక్కలంటే ఆట. గాలికి చెట్టు విరిగి కొన నేలకి తగిలింది, 30 డిగ్రీలు, మొదలు నుంచి 8 మీటర్లు, చెట్టు ఎత్తెంత అంటే అన్నం కలుపుకుంటూనే 8 రూట్ 3 అనేవాడు. ఇప్పుడు ఎంపీసీ ఫస్టియర్. వారం వారం పరీక్షలు. ఫంక్షన్స్, మాట్రిసెస్‌లో 20కి 16, 17 తెచ్చాడు. త్రికోణమితి మొదలుపెట్టాక 6 వచ్చాయి, పోయిన వారం 4.

గట్టిగా అడిగితే ముందు అలిగాడు. రాత్రి పదకొండింటికి పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, లంబకోణ త్రిభుజంలో ఒకటి 90 పోతే మిగతా రెండూ కలిపి 90. మరి సైన్ 120 ఎక్కడి నుంచి వచ్చింది? ఆ త్రిభుజం గీసి చూపించు" అన్నాడు.

నేను బైపీసీ. లెక్కల్ని తప్పించుకోడానికే కప్పల్ని కోసినదాన్ని. కాలేజీలో అడిగితే "ఆల్ సిల్వర్ టీ కప్స్ గుర్తుపెట్టుకో, చాలు" అన్నారట, ఏ పాదంలో ఏది ప్లస్సో గుర్తుండే మంత్రమట. వీడికేమో అది చాలట్లేదు. ట్యూషన్ పెట్టించమంటారా, లేక ఇది ఎవరైనా నాలుగు మాటల్లో చెప్పేదేనా?

#2 పెసరట్టు_ఉప్మా
ఆల్ సిల్వర్ టీ కప్స్ నేర్చుకుని పాతికేళ్లు. మా ఇంట్లో సిల్వర్ అంటే అల్యూమినియం గిన్నెలే కాబట్టి ఇన్నాళ్లూ నాకు కళ్లముందు సొట్టలు పడిన టీ గ్లాసులే కనిపిస్తాయి. ప్రశ్నకి జవాబు తెలీదు, పక్కన కూర్చుంటా.

#3 ఏడుమార్కుల_సార్
ఇరవై ఏళ్లుగా ఇంటర్‌కి చెబుతున్నాను కాబట్టి కాస్త కటువుగానే చెబుతా. ప్రశ్న మంచిదే, కాదనను. కానీ వాడికి 4 మార్కులు వచ్చింది ఆ ప్రశ్నకి జవాబు తెలీక కాదమ్మా, సూత్రాలు నోటికి రాక.

1ఏ, అంటే ఫస్టియర్ లెక్కల మొదటి పేపర్, ఇన్నేళ్లూ 75 మార్కులు, మూడు గంటలు ఉండేది. అందులో "ఏ + బీ + సీ = 180 అయితే సైన్ 2ఏ + సైన్ 2బీ + సైన్ 2సీ = 4 సైన్ ఏ సైన్ బీ సైన్ సీ అని చూపుము" లాంటిది ఒకటి ఏడు మార్కులకి వచ్చి కూర్చునేది. త్రిభుజ ధర్మాల్లోంచి ఇంకో ఏడు. ఆ తర్వాత ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో 80 మ్యాథ్స్. సైన్ సీ + సైన్ డీ సూత్రం ఎలా వచ్చిందో ఆలోచిస్తూ కూర్చుంటే పక్కవాడు నాలుగు చేసేస్తాడు. చిన్నప్పుడు ఎక్కాలు అర్థం చేసుకుని నేర్చుకున్నామా? ముందు నోటికి వచ్చాయి, అర్థం మెల్లగా వచ్చింది. ఇదీ అంతే. రోజుకి పది సూత్రాలు చూడకుండా రాయించండి, నెల తిరిగేసరికి 15 వస్తాయి.

#4 కరీంనగర్_పోరడు
#3 సార్, మీ అసొంటి సార్లే నాకు గూడ దొరికిన్రు. రోజూ పది సూత్రాలు రాసిన. రాసి రాసి ఏం జేసిన్నంటే, పరీక్షల సైన్ (ఏ + బీ) అని కనవడంగనే బ్రాకెట్ ఇప్పి సైన్ ఏ + సైన్ బీ అని కొట్టిన. నాకు సైన్ అంటే బయట నిలవడ్డ ఒక నంబరు అనిపించేది, లోపటికి పంచాలె అనుకున్న.

ఇంజినీరింగ్ అయిపోయినంక మా తమ్మునికి చెప్తున్నప్పుడు ఎలిగింది. సైన్ 30 అంటే అర. సైన్ 60 అంటే 0.866. రెండు కలిపితే 1.366. కాని సైన్ 90 ఒకటే ఒకటి. ఒక్కసారి నంబర్లు ఏసి సూస్తే అయిపోయేది. రెండేండ్లల్ల ఎవ్వరు గట్ల ఏసి సూడుమనలె.

#5 రిటైర్డ్_హెచ్ఎం
బైపీసీ_అమ్మ గారూ, మీవాడి ప్రశ్నకి సూటి జవాబు: ఆ త్రిభుజం లేదు. వాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అలాంటి లంబకోణ త్రిభుజం ఎవరూ గీయలేరు. ఇంటర్‌కి వచ్చేసరికి సైన్ ఇల్లు మారింది. టెన్త్‌లో త్రిభుజంలో ఉండేది, ఇప్పుడు వృత్తంలోకి మకాం మార్చింది. ఇల్లు మారిన సంగతి పిల్లలకి ఎవరూ చెప్పరు, పాత అడ్రసుకే వెళ్లి తలుపు కొడుతుంటారు పాపం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసేటప్పుడు దీనికి నా సైకిలే బోర్డు. వరండాలో స్టాండు వేసి, వెనక చక్రం వాల్వు దగ్గర రిమ్ముకి ఎర్ర గుడ్డ పీలిక కట్టేవాణ్ని. ఇరుసు నుంచి గుడ్డ దాకా దూరం 1 అనుకోండి. గుడ్డ ఇరుసుకి సరిగ్గా కుడివైపు, అదే ఎత్తులో ఉంటే కోణం సున్నా. అక్కణ్నుంచి గుడ్డ పైకి లేచేలా తిప్పండి. ఇక ఒకటే ప్రశ్న: గుడ్డ ఇరుసు కంటే ఎంత ఎత్తులో ఉంది? ఆ ఎత్తే సైన్. ఇరుసుకి ఎంత పక్కకి ఉందో అది కాస్.

30 డిగ్రీలకి ఎత్తు అర. 90కి చక్రం నెత్తిన ఉంటుంది, ఎత్తు 1, పక్కకి జరిగింది ఏమీ లేదు కాబట్టి కాస్ 0. ఇంకా తిప్పి 120 చెయ్యండి. గుడ్డ అవతలి పక్కకి దిగుతోంది. ఎత్తు చూస్తే 60 దగ్గర ఎంత ఉందో అంతే. అందుకే సైన్ 120, సైన్ 60 ఒకటే. పక్క మాత్రం మారింది, కుడి నుంచి ఎడమకి వెళ్లింది కాబట్టి కాస్ 120 మైనస్ అర. 210కి గుడ్డ ఇరుసు కిందకి పోతుంది, ఎత్తు మైనస్. మీ సిల్వర్ టీ కప్పులన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏ పాదంలో ఏది ప్లస్సో చక్రం చూసి చెప్పొచ్చు, కప్పులు మోయక్కర్లేదు.

మొదటి పావు చక్రంలో మాత్రం ఇరుసు, గుడ్డ, కింద నీడ కలిపితే పాత లంబకోణ త్రిభుజమే వస్తుంది. కర్ణం 1, ఎదుటి భుజం ఎత్తు. అంటే టెన్త్‌లో నేర్చుకున్నది అబద్ధం కాదు, పావు చక్రం మాత్రమే.

#6 బైపీసీ_అమ్మ
మాస్టారూ, రెండుసార్లు చదివాను. లెక్కల్లో ఒక విషయం నాకు మొదటిసారి అర్థమైంది, ఒట్టు. మా ఇంట్లో సైకిల్ లేదు, స్కూటర్ ఉంది. మెయిన్ స్టాండు వేసి రేపు పొద్దున వాణ్ని కూర్చోబెడతా.

#7 పెసరట్టు_ఉప్మా
స్కూటర్ స్టార్ట్ చెయ్యకుండా తిప్పండమ్మా.

#8 సబ్‌స్టేషన్_ఆపరేటర్
సైన్ 120 దగ్గర ఆగారు కాబట్టి రాస్తున్నా. ఆ 120 నాకు పుస్తకం లెక్క కాదు, అన్నం పెడుతున్న నంబరు.

రైతులు "త్రీ ఫేజ్ ఎప్పుడిస్తారు సార్" అని ఫోన్ చేస్తారే, ఆ మూడు ఫేజులు ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో వచ్చే సైన్ అలలే. మాస్టారి చక్రానికి ఒక గుడ్డ బదులు మూడు గుడ్డలు, 120కి ఒకటి చొప్పున కట్టి తిప్పితే ఎలా ఉంటుందో అదీ. ఏ క్షణంలో ఆపినా మూడింటి ఎత్తులు కలిపితే సున్నా. మీ అబ్బాయిని వేసి చూడమనండి: సైన్ 10 = 0.174, సైన్ 130 = 0.766, సైన్ 250 = మైనస్ 0.940. కలిపితే సున్నా. అందుకే మూడు ఫేజుల మీదా లోడు సమానంగా ఉంటే న్యూట్రల్ వైరులో కరెంటు ఉండదు.

ఇంకోటి. ఇంట్లో 240 వోల్టులు అంటారు, మోటారుకి 415 అంటారు. 240 కి 415 కి ఏం సంబంధం? 240 ఇంటూ రూట్ 3. ఆ రూట్ 3 సైన్ 60 లోంచి వచ్చిందే. ఈ ముక్క నాకు డిప్లొమా అయ్యాక ఉద్యోగంలో ఒక సీనియర్ లైన్‌మన్ చెప్పాడు. ఆయన చదివింది ఐటీఐ.

#9 ఏడుమార్కుల_సార్
#5 మాస్టారి సైకిల్ బాగుంది. నేను కాదనలేదు కదా. కానీ మీ వరండాలో పిల్లలు ఎంతమంది? నా సెక్షన్‌లో 70 మంది. సిలబస్ డిసెంబర్‌కి అయిపోవాలి, జనవరి నుంచి రివిజన్. యాజమాన్యం నన్ను అడిగేది "ఎన్ని చాప్టర్లు అయ్యాయి" అనే గాని "ఎంతమందికి సైన్ ఇల్లు మారిన సంగతి తెలుసు" అని కాదు. తప్పంతా లెక్చరర్ల మీదకి నెట్టడం తేలిక.

#4 పోరడూ, నంబర్లు వేసి చూసుకోమని నేను చెబుతాను. వినరు.

#10 కరీంనగర్_పోరడు
సార్ మీరు చెప్తరేమో, నమ్ముత. మా సారు చెప్పలే. కోపం జేస్కోకుండ్రి.

#11 తెలుగు_మీడియం_గాయం
అందరూ చక్రం దగ్గరే ఆగిపోయారు. నా బాధ వేరు. టెన్త్ వరకు తెలుగు మీడియం. ఎదుటి భుజం, ఆసన్న భుజం, కర్ణం, ఊర్ధ్వ కోణం, నిమ్న కోణం. పేరు వింటేనే ఎక్కడ చూడాలో తెలిసేది. ఎదుటి భుజం అంటే ఎదురుగా ఉండేదే కదా. ఇంటర్ ఇంగ్లిష్ మీడియం. మొదటి రోజే లెక్చరర్ గారు "హైపాటెన్యూస్" అన్నారు. నేను అదేదో కొత్త బొమ్మ అనుకుని నోట్సులో గీయడానికి ఖాళీ వదిలాను.

"ప్రూవ్ ది ఐడెంటిటీ" అంటే ఇంకో వారం. సర్వసమీకరణం అని ఒక్కసారి అనుంటే పోయేది. నాకు తెలిసిన లెక్కనే నేను గుర్తుపట్టలేదు, వేషం మార్చుకొచ్చిన బంధువులాగా. మార్కులు పడిపోయిన వాళ్లలో సగం మందిది లెక్క రాకపోవడం కాదు, మాట రాకపోవడం అని నా నమ్మకం. అమ్మ గారూ, మీవాడు తెలుగు మీడియమా?

#12 బైపీసీ_అమ్మ
కాదండీ, మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియమే. అయినా నేను "కర్ణం" అంటే "కరణం గారా?" అన్నాడు. వాడి గాయం ఇటువైపు నుంచి.

#13 డల్లాస్_నాన్న
ఇక్కడ ఏదో సుఖంగా నేర్చుకుంటారనుకోకండి. మా అమ్మాయి హైస్కూల్. జామెట్రీలో సోకాటోవా అని ఒక మంత్రం, సైన్ అంటే ఆపోజిట్ బై హైపాటెన్యూస్, ఇలా. ప్రీకాల్కులస్‌కి వచ్చాక యూనిట్ సర్కిల్ ఖాళీ బొమ్మ ఇచ్చి పదహారు చోట్ల నింపమంటారు. అది కూడా బట్టీయే, గుండ్రంగా ఉన్న బట్టీ.

క్యాలిక్యులేటర్ ఇస్తారు, దాంతో ఇంకో తంటా. ఒకరోజు చెట్టు ఎత్తు లెక్కతో ఏడుస్తూ వచ్చింది, సైన్ 30 కొడితే మైనస్ 0.988 వస్తోందని. డిగ్రీల్లో కాదు, కోణానికి ఇంకో కొలత ఉంది కదా, రేడియన్. క్యాలిక్యులేటర్ ఆ రేడియన్ మోడ్‌లో ఉంది. నవ్వొచ్చే విషయం కాదు. చెట్టు ఎత్తు మైనస్‌లో వస్తే తప్పని తనకి అనిపించలేదు, అది నన్ను భయపెట్టింది. మన దగ్గర క్యాలిక్యులేటర్ లేకపోవడమే మేలేమో, కనీసం సైన్ 30 అర అన్నది ఒంట్లో ఇంకిపోతుంది. ఈ ఒక్క విషయంలో నేను #3 సార్ పక్షం.

#14 హాస్టల్_గదినంబర్_12
నేను ఇప్పుడు ఫస్టియర్. ఫోన్ ఆదివారం మాత్రమే ఇస్తారు, అందుకే త్వరగా రాస్తున్నా.

సూత్రాలు తప్పు రాస్తే ఒక్కోటి 10 సార్లు ఇంపోజిషన్. నిన్న సైన్ సీ మైనస్ సైన్ డీ రాశాను. పదోసారి రాసేసరికి చెయ్యి రాస్తోంది, నేను నిద్రపోతున్నా. లేచి చూస్తే ఆరోసారి నుంచి తప్పే.

నాకు ఉపయోగపడింది ఒకటే. మా సీనియర్ అక్క వంశవృక్షం గీసిచ్చింది. పైన తాతగారు కాస్ (ఏ మైనస్ బీ). బీ బదులు మైనస్ బీ పెడితే కాస్ (ఏ + బీ). ఏ బదులు 90 మైనస్ ఏ పెడితే సైన్‌లు పుడతాయి. బీ బదులు ఏ పెడితే 2ఏ సూత్రాలు. రెండు సైన్ సూత్రాలు కూడితే, తీసేస్తే సీ, డీ సూత్రాలు. ఒక పేజీలో అన్నీ బంధువులే. ఇప్పుడు మర్చిపోయినా తాతగారి దగ్గర మొదలుపెట్టి రెండు నిమిషాల్లో దిగొచ్చేస్తా. ఇంపోజిషన్ మాత్రం తప్పలేదు.

#15 ఏడుమార్కుల_సార్
#14 అమ్మాయీ, ఆ పేజీ ఫోటో పెట్టగలవా? సీరియస్‌గా అడుగుతున్నా.

#16 హాస్టల్_గదినంబర్_12
వచ్చే ఆదివారం సార్.

#17 టూల్‌రూమ్_ఫిట్టర్
బాలానగర్‌లో పని. మాకు సైన్ చేతిలో పట్టుకునే వస్తువు. సైన్ బార్ అంటాం. ఉక్కు కడ్డీ, రెండు చివర్లా రెండు రోలర్లు, వాటి మధ్య దూరం కచ్చితంగా 200 మిల్లీమీటర్లు. ఒక రోలర్ సర్ఫేస్ ప్లేట్ అనే చదునైన బల్ల మీద, రెండోది స్లిప్ గేజుల, అంటే కచ్చితమైన మందం ఉన్న బిళ్లల, దొంతర మీద. 30 డిగ్రీల వాలు కావాలంటే దొంతర 100 మిల్లీమీటర్లు. 25 కావాలంటే 200 ఇంటూ సైన్ 25, అంటే 84.52. కోణమానినితో రాని కచ్చితత్వం దీంతో వస్తుంది.

45 దాటితే సైన్ బార్ వాడొద్దని మా ఫోర్‌మన్ చెప్పేవాడు. ఎందుకని చాలా రోజులు అడగలేదు. తర్వాత అర్థమైంది. మాస్టారి గుడ్డ చూడండి, పైకి పోయేకొద్దీ ఎత్తు పెరగడం మందగిస్తుంది. 80 నుంచి 90కి పది డిగ్రీలు తిరిగినా ఎత్తు 0.985 నుంచి 1కి మాత్రమే పెరుగుతుంది. కాబట్టి అక్కడ దొంతరలో ఇసుమంత తేడా వచ్చినా కోణంలో పెద్ద తప్పు వస్తుంది. ఇంటర్‌లో ఇదే విషయాన్ని గ్రాఫు అని గీయించారు. గీశాను. చూడలేదు.

#18 పాత_పుస్తకాల_పురుగు
చిన్న పక్కదారి. సైన్ అనే మాటకి, మన చొక్కా జేబుకి చుట్టరికం ఉంది.

సంస్కృతంలో జ్యా అంటే వింటినారి. వృత్తంలో చాపం విల్లు అయితే రెండు కొనలూ కలిపే గీత నారి. అందులో సగం అర్ధజ్య, వాడుకలో జ్యా అనే మిగిలింది, జీవ అని కూడా అనేవారు. అరబ్బులు దాన్ని జీబ అని తీసుకున్నారు. అరబీలో అచ్చులు రాయకపోవడం మామూలు కాబట్టి తర్వాతివాళ్లు ఆ అక్షరాలని జైబ్ అని చదువుకున్నారు. అంటే బట్ట మడత, జేబు. లాటిన్‌లోకి మార్చినప్పుడు మడత అనే అర్థంతో సైనస్ అన్నారు, అదే సైన్. మనకి ఉర్దూ నుంచి వచ్చిన జేబు ఆ జైబే.

499లో ఆర్యభటుడు ఇచ్చిన జ్యా పట్టికలో 24 విలువలు, 3 డిగ్రీల 45 నిమిషాలకి ఒకటి. అసలు గమ్మత్తు ఆయన తీసుకున్న వ్యాసార్ధం, 3438. ఆ నంబరే ఎందుకు? చుట్టూ 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు, మొత్తం 21600. దాన్ని 2 పై తో భాగించండి. 3438 దగ్గరికొస్తుంది. చుట్టుకొలతని ఏ కొలతతో కొలిచాడో వ్యాసార్ధాన్నీ దాంతోనే కొలిచాడన్నమాట. ఇంటర్ పిల్లల్ని ఏడిపించే రేడియన్ ఆలోచన అదే.

#19 కరీంనగర్_పోరడు
గందుకే త్రికోణమితి ట్యూషన్ పెడితే మా నాయన జేబు ఖాళీ అయింది.

#20 అన్నీ_మనవే
చూశారా, త్రికోణమితి కనిపెట్టింది మనం. గ్రీకులు మన దగ్గర నేర్చుకున్నారు.

#21 పాత_పుస్తకాల_పురుగు
#20 అలా నేను అనలేదు. గ్రీకు ఖగోళవేత్త టాలెమీ ఆర్యభటుడి కంటే దాదాపు మూడున్నర శతాబ్దాల ముందే పూర్తి నారి పొడవుల పట్టిక ఇచ్చాడు. మనవాళ్లు చేసింది సగం నారిని తీసుకోవడం. చిన్న మార్పులా కనిపిస్తుంది గాని మాస్టారి గుడ్డ ఎత్తు సూటిగా వచ్చేది దానివల్లే. మీకు గర్వపడాలనుంటే మొదటి భాస్కరుడిది సైన్ విలువ కట్టే సూత్రం ఒకటి ఇస్తా, ఏడో శతాబ్దం. కోణాన్ని 180 లోంచి తీసేసి, వచ్చినదాన్ని మళ్లీ ఆ కోణంతోనే హెచ్చవేయండి. దానికి 4 రెట్లు పైన. కింద 40500 లోంచి అదే లబ్ధం తీసేసింది. 30కి వేస్తే పైన 18000, కింద 36000, సరిగ్గా అర. 45కి 0.7059 వస్తుంది, అసలు 0.7071. పట్టిక లేదు, క్యాలిక్యులేటర్ లేదు.

#22 అన్నీ_మనవే
120కి కూడా వేశాను. 60కి వచ్చిందే వచ్చింది. సరే, ఇది బాగుంది. గ్రీకుల మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం.

#23 పెసరట్టు_ఉప్మా
13, 14, 15 భుజాలున్న త్రిభుజాన్ని ఎవరూ తలచుకోలేదేం? త్రిభుజం చుట్టూ గీసే వృత్తం వ్యాసార్ధం ఆర్ = 65 బై 8, లోపలి వృత్తానిది చిన్న ఆర్ = 4, ఆర్1 = 21 బై 2, ఆర్2 = 12, ఆర్3 = 14. ఇంటర్ అయిపోయి ఇన్నేళ్లయినా పెళ్లిరోజు మర్చిపోయాను గాని ఇది మర్చిపోలేదు. ఆర్1 అంటే ఏమిటో మాత్రం అప్పుడూ తెలీదు.

#24 రిటైర్డ్_హెచ్ఎం
#23 త్రిభుజం బయట నుంచి ఒక భుజాన్ని ఆనుకుని, మిగతా రెండు భుజాల పొడిగింపుల్ని తాకే వృత్తం వ్యాసార్ధం. ఇప్పటికైనా మీ ఆవిడకి చెప్పండి.

రేడియన్ మాట వచ్చింది కాబట్టి అమ్మ గారికి: స్కూటర్ అయ్యాక వంటింట్లోంచి ఒక కంచం, కాస్త దారం ఇవ్వండి. కంచం మధ్య నుంచి అంచు దాకా ఎంతుందో అంత దారం కత్తిరించమనండి. ఆ దారాన్ని అంచు వెంబడి పరిస్తే అది మధ్యలో చేసే కోణం ఒక రేడియన్. చుట్టూ ఎన్నిసార్లు పడుతుందో కొలవమనండి. ఎన్నో మీరు చెప్పొద్దు.

#25 ఏడుమార్కుల_సార్
పేపర్లు దిద్దుతూ రాస్తున్నా, పక్కన కట్ట ఉంది. సూత్రం రాక పోయే మార్కుల కంటే ఈ మూడింటితో పోయేవే ఎక్కువని ఒప్పుకోవాలి.

మొదటిది: 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ = కాస్ ఎక్స్. రెండువైపులా కాస్ ఎక్స్ కొట్టేసి సైన్ ఎక్స్ = అర, జవాబు 30, 150 అంటారు. కాస్ ఎక్స్ సున్నా అయితే? 90, 270 రెండూ చెత్తబుట్టలో పోయాయి. కొట్టెయ్యొద్దు, ఒకవైపుకి తెచ్చి ఉమ్మడిగా తీయమని గొంతు పోయేలా చెబుతాను.

రెండోది: పైన మైనస్ 1 వేసిన సైన్‌ని 1 బై సైన్ అని రాయడం. ఇందులో పిల్లల తప్పు లేదు. పైన 2 ఉంటే మొత్తానికి వర్గం అని మనమే చెప్పాం, మైనస్ 1 ఉంటే మాత్రం కాదంటున్నాం. గుర్తు పెట్టినవాడిదే తప్పు. ఎంత విలువ అని కాదు, ఏ కోణం అని అడుగుతోందని చదవమంటాను.

మూడోది మీ అందరి వాదనకి దగ్గరగా ఉంటుంది. ఎడమవైపు నుంచి కుడివైపుకి రుజువు చెయ్యమంటే, మధ్యలో ఇరుక్కుని, కుడివైపు నుంచి వెనక్కి వచ్చి, రెండూ కలవని చోట ఒక లైను మాయ చేస్తారు. ఆ లైను నాకు కనపడదనుకుంటారు.

#26 కరీంనగర్_పోరడు
ఆ మాయ లైను నేను మస్తు సార్లు ఏసిన సార్. రెండుసార్లు మార్కులు గూడ వడ్డయి.

#27 బైపీసీ_అమ్మ
అప్‌డేట్. స్కూటర్ చక్రానికి నా పాత చున్నీ ముక్క కట్టాం. స్కేలుతో ఎత్తులు కొలిచి పట్టిక రాశాడు, పక్కన అసలు విలువలు వేసుకున్నాడు. 120 దగ్గర ఆగి ఏమీ అనలేదు, లోపలికెళ్లి కాలేజీ నోట్సు మొదటి పేజీ నుంచి తిరగేశాడు. కంచం చుట్టూ దారం ఆరుసార్లు, ఇంకా కొంచెం మిగిలింది. ఆ కొంచెం ఎంతో తేల్చేదాకా అన్నం వడ్డించనివ్వలేదు, కంచం వాడి దగ్గరే ఉంది మరి.

ఈ వారం 20కి 11. పోయినవాటిలో మూడు మార్కులు కాస్ ఎక్స్ కొట్టేసినందుకే. #25 సార్ పోస్టు చూపించాను, తలకాయ పట్టుకున్నాడు.

ఇప్పుడు కొత్త గొడవ. టాన్ 90, అంటే సైన్ 90 బై కాస్ 90, లేదు అన్నారట. ఎందుకు లేదో చూద్దామని ఫోన్‌లో దగ్గరదగ్గరగా కొట్టుకుంటూ పోయాడు. టాన్ 89.9 కి 572.96. టాన్ 89 కి 57.29. అక్కడ ఆగి, "అమ్మా, ఒక రేడియన్ కూడా 57.2958 డిగ్రీలు కదా, ఇదీ అదీ ఒకటేలా ఉన్నాయేంటి?" అంటున్నాడు. కాకతాళీయమా?

#28 టూల్‌రూమ్_ఫిట్టర్
క్యాలిక్యులేటర్ తీసి చూశా. టాన్ 89 అంటే 57.28996. చాలా దగ్గర, కానీ అదే కాదు.

#29 రిటైర్డ్_హెచ్ఎం
నేను చెప్పను. లెక్చరర్ గారు చెప్పాలి.

#30 ఏడుమార్కుల_సార్
ఇరవై ఏళ్లలో వేల మందికి టాన్ 90 చెప్పాను, ఇది నా కంట పడలేదు. కాసేపు కూర్చుని చూశా. టాన్ 89 అంటే 1 బై టాన్ 1. ఒక డిగ్రీ ఎంత సన్నటి కోణం అంటే, అక్కడ చక్రం అంచూ నిలువు గీతా దాదాపు ఒకటే. అంటే టాన్ 1 డిగ్రీ, ఒక డిగ్రీని రేడియన్లలో కొలిస్తే వచ్చే విలువ, దాదాపు సమానం. ఆ విలువని తలకిందులు చేస్తే రేడియన్‌కి ఎన్ని డిగ్రీలో అదే వస్తుంది. కాకతాళీయం కాదు. 89.9 కి 572.96 కూడా అందుకే, కోణం పదో వంతు, జవాబు పది రెట్లు. రేపు నా సెక్షన్‌లో అడుగుతాను, ఒక్కడైనా పడతాడేమో చూద్దాం.

#31 బైపీసీ_అమ్మ
చదివి వినిపించాను సార్. "ఇది పరీక్షలో వస్తుందా?" అని అడగమంటున్నాడు.

#32 ఏడుమార్కుల_సార్
రాదు.